రెండు పట్టీలు

ఇరవై ఒక్క ఏండ్లుగా
ఎర్రగుంట్ల హైస్కూల్లో
ఎనిమిదో తరగతి గోడలకు కూడా నోటికొచ్చు:
ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు...
సగం నేనంటే
మిగతా సగాన్ని అరవై గొంతులు
సిమెంటు లారీల చప్పుడు మీదుగా
నా మీదికి విసిరేవి.
దాన్నే నేను చదువనుకున్నాను.

పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం,
పదీ రెండూ కలిపి వర్గం చెయ్యమంటే
నూరూ నాలుగూ నూటనాలుగు అని
సగం తరగతి రాసేది.
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి
పక్కన రాసేవాణ్ణి: రెండు ఎబి ఏదీ?
ఏదీ అని అడిగినానే గానీ
అది ఉండే చోటు నేనూ చూసింది లేదు.

మాబున్ని అడిగింది ఒకనాడు,
మూడో బెంచీలోంచి, లేవకుండానే:
"ఆ రెండు ఎబి యాడ్నించి వచ్చె సార్?"
"సూత్రం. అంతే. రాసుకో."

అంతే అనే మాటకు
లోపలి గడియ పడిన చప్పుడుంటుంది.
ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంది.
నాకు మాత్రం ఇంట్లో సంగటి ముద్ద ముందు కూడా
ఆ గడియ పడుతూనే ఉండింది.

ఎండలు ముదరకముందే
కంప్యూటర్ గదిని పెంచినారు.
పదికి పది అడుగుల పాత గది.
తూర్పు గోడ రెండడుగులు,
ఉత్తరపు గోడ రెండడుగులు వెనక్కి జరిగినాయి.
పాత నాపబండలు ఉన్నచోటే ఉన్నాయి,
వాటి పక్కన ఎర్ర గరుసు, తడిపి, దిమ్మిస కొట్టి.
బండలు పరిచేది మాబున్ని వాళ్ళ నాయన హుసేనప్ప.

"అడుగుబండలు ఎన్ని తెప్పించాల సార్?
లెక్కల సారు కదా, మీరే చెప్పండి."
నేను జేబులో పెన్ను తడుముకుంటుండగానే
ఆయప్ప తాపీ మొనతో గరుసు మీద గీసేసినాడు:
"ఈ పక్క పట్టీ ఇరవై.
ఆ పక్క పట్టీ ఇరవై.
మూలకు నాలుగు."

గడపలోనే నిలబడిపోయినాను.
పొడుగు పది, వెడల్పు రెండు.
ఇంకోసారి, పొడుగు పది, వెడల్పు రెండు.
ఇన్నేండ్లు నా నోట్లో నలిగింది
ఈడ నేల మీద
హాయిగా కాళ్ళు చాపుకుని పండుకోనుంది.

"మూలకు నాలుగేసి ఊరుకుంటే?"
అని అడిగినాను, నా సగం తరగతి తరఫున.
హుసేనప్ప నవ్వినాడు.
"పట్టీలు ఇడిసిపెడితే ఎట్లా సార్,
తేళ్ళు కాపురం పెడతాయి."

బండలింకా రాలేదు.
మరుసటి రోజు పిల్లల్నే బండలు చేసినాను.
పట్టీకి ఇరవై మంది, మూలకు నలుగురు,
మిగిలిన పదహారు మందీ
పాత నేల మీద నిలబడి పెత్తనం చేసినారు.
తోపులాట. చెమట వాసన.
"నేను బి స్క్వేర్‌లో ఉండా!" అని మూలలోంచి ఒకడి అరుపు.
మాబున్ని పట్టీ చివర నిలబడి
అటు చూసింది, ఇటు చూసింది.
"ఇదా సార్? ముందే చెప్పుండొచ్చు కదా."
"నాకూ నిన్ననే తెలిసింది మే."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

అందరికీ ఎక్కిందని చెప్పను.
ఆ యేటి పరీక్షలో కూడా
తొమ్మిది మంది నూటనాలుగే రాసినారు.
సున్నా చుట్టలేదు నేను.
పక్కన చిన్న తేలును గీసినాను.

కడప నుంచి తనిఖీకి వచ్చినాయన
మాబున్నిని లేపి సూత్రం చెప్పమన్నాడు.
ఆ పిల్ల కిటికీలోంచి
వరండా అవతలి గదికి చెయ్యి చూపించింది.
ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని
చాలాసేపు చూసినాడు.
"ఏముంది అక్కడ?"

"నేల సార్."